మౌనమందిరం కిటికీల గురించి

మౌనమందిరం పెద్దక్కగా మీరందరూ ఎరిగిన నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి ఈ వీలునామా రాయిస్తున్నాను. అక్కకు మతి తప్పిందని రేపు మా తమ్ముడు అంటాడని తెలుసు. అందుకే డాక్టరుగారిని పక్కనే కూర్చోబెట్టుకున్నాను.

1. మందిరం, దాని స్థలం నా స్వార్జితం. ఇన్నేళ్లూ అందులో కిటికీలు తెరిచే కూర్చున్నాం. గాలి, వాన, పిచ్చుకల గోల, ఏది వస్తే అది వినడమే మా సాధన. నిరుడు నేను ఆసుపత్రిలో ఉండగా, ఎండలు ముదిరాయని, కార్యదర్శి హోదాలో తమ్ముడు కిటికీలకు మేకులు కొట్టించి ఏసీలు పెట్టించాడు. ఇప్పుడు పిచ్చుకల అరుపులు స్పీకర్లో వేస్తున్నారు. ప్రకృతితో మమేకం కావడానికట! పేరు గొప్ప, ఊరు దిబ్బ.

2. ఆ ఏసీల వేడంతా సందులో ఇస్త్రీ చేసే అమ్మాయి గదిలోకి పోతోంది. లోపల మనం కళ్లు మూసుకుని సకల జీవులూ చల్లగా ఉండాలని కోరుకుంటాం. గోడ అవతల ఆ పిల్ల ఉడికిపోతుంది. మొన్న సొమ్మసిల్లి పడిపోయింది. ఇదేమిట్రా అని తమ్ముణ్ని నిలదీస్తే, "ఇస్త్రీ పనే కదక్కా, వేడి ఆమెకు అలవాటే" అన్నాడు. నా కడుపు మండిపోయింది. వాడు చేసిన ధ్యానమంతా బూడిదలో పోసిన పన్నీరు.

3. నేను కూర్చునే చాప తమ్ముడికి. మందిరం కూడా వాడికే, ఒక షరతు మీద. నేను పోయాక వచ్చే మొదటి ఎండాకాలంలో, ఒక మిట్టమధ్యాహ్నం, ఏసీలన్నీ నడుస్తుండగా, ఆ చాప ఇస్త్రీ గదిలో వేసుకుని గంటసేపు ధ్యానం చేయాలి. మధ్యలో లేచినా, అసలు కూర్చోకపోయినా మందిరం ఇస్త్రీ అమ్మాయికి చెందుతుంది.

4. పిచ్చుకలకు నూకలు పోసే మూకుడు మా మేనకోడలికి. వీలునామా అమలు బాధ్యతా తనదే. అమ్మడూ, నాన్న కదా అని గడియారం ముందుకు తిప్పకు.

5. మేకులు పీకే నా సుత్తి, మందిరం ఎవరికి దక్కినా, ఇస్త్రీ అమ్మాయికే.

తమ్ముడూ, నిన్ను చంకనెత్తుకుని పెంచినదాన్ని. నీకు ఆస్తి దక్కకూడదని కాదు ఈ షరతు. ఆ గదిలో నిజంగా గంట కూర్చుంటే, బయటికొచ్చి ఆ సుత్తి నువ్వే అడుగుతావు.

మే నెల పదిహేడో తేదీ, మందిరం వసారాలో.

(సంతకం) పెద్దక్క

సాక్షులు:
1. ఇస్త్రీ అమ్మాయికి వైద్యం చేసిన డాక్టరు
2. ఏసీలు బిగించిన మెకానిక్ (విప్పడానికి కూలి వద్దన్నాడు)