నడుముకి రెండంగుళాలు కలపని కంప్యూటర్

3వ తేదీ, సోమవారం. ఉదయం 7:10
సమస్త ప్రజలకూ తెలియజేయడమేమనగా, ఏడో తరగతితో చదువుకి సెలవిచ్చి, ముప్ఫై ఏళ్లుగా ప్యాంట్లు కుడుతున్న ఈ టైలరు నేడు కొత్త నోటుబుక్కు కొన్నాడు. గళ్లది.

హాస్కెల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటున్నా. మా అమ్మాయి శుక్రవారం ఒక శిక్షణ కేంద్రంలో నమూనా పాఠం చెప్పాలి. బాగా చెబితే టీచరు ఉద్యోగం. ముందు నామీద సాధన చేస్తుందట.

"నీకు అర్థమైతే ఎవరికైనా అవుతుంది నాన్నా!"

పొగిడిందో తిట్టిందో తేలలేదు. రోజుకి గంట చదువు. శుక్రవారానికి పండితుణ్ణి!

సాయంత్రం 6:30
మొదటి పాఠం. "పేరంటే ఒక పెట్టె నాన్నా. అందులో విలువ పెడతాం."

ఓస్, ఇంతేనా! "అర్థమైంది తల్లీ" అన్నా.

"ఆ మొహం చూస్తే అలా లేదే" అంది మా ఆవిడ. అసూయ!

4, మంగళవారం. సాయంత్రం 6:00
అమ్మాయి కంప్యూటర్లో సొంతంగా రాశా. నడుము = 34. కస్టమరు లావెక్కాడనుకుని దాని కిందే, నడుము = నడుము + 2. ఇప్పుడు నడుమెంత అని అడిగా. ఉలుకూ పలుకూ లేదు. టీ తాగొచ్చా. అప్పటికీ లేదు!

అమ్మాయి నవ్వింది. "నడుమెంతంటే నడుముకి రెండు కలుపుకోమన్నావు. ఆ నడుమెంత? దానికీ అదే జవాబు. పాపం, అలా తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ ఒకసారి ఇచ్చిన విలువ మారదు నాన్నా. కొత్త విలువకి కొత్త పేరు పెట్టుకోవాలి."

"అర్థమైంది!"

5, బుధవారం
కొత్త విద్య షాపులో వాడా. బస్సు డ్రైవరు ప్యాంటు వదులు చేయమని తెచ్చాడు.

"కుట్టినది మార్చం. కొత్తది కుడతాం, పాతది అలాగే ఉంటుంది" అన్నా.

"టైలరుగారూ, ఒంట్లో బాగానే ఉందా?"

చదువు: పది నిమిషాలు. కారణాలు: సూది విరిగింది. కరెంటు పోయింది (పక్కింట్లో). పైగా ఈ భాష చిన్న తప్పుకి పదకొండు వరుసల్లో తిడుతుంది. మా ఆవిడ రెండు ముక్కల్లో ముగిస్తుంది.

6, గురువారం. రాత్రి 9:30
చదువు సున్నా. అమ్మాయి మాత్రం వెలిగిపోతోంది. "నీకే అర్థమైందంటే రేపు అక్కడ కూడా ఇలాగే చెప్పేస్తా!"

నా బడాయికి దాని ఉద్యోగం పోయేలా ఉంది.

"తల్లీ... ఒక్క ముక్క అర్థం కాలేదు."

"నాన్నా! ఎప్పట్నించి?"

"మొదటిరోజు నించి. పెట్టె అన్నావు. పెట్టెలోది తీసి ఇంకోటి పెట్టొచ్చుగా? మళ్లీ మారదంటావు. మరి అది పెట్టె ఎలా అయింది?"

అరుస్తుందనుకున్నా. అరవలేదు.

"పెట్టె అనడమే తప్పు. నీ కొలతల పుస్తకం ఇలా ఇవ్వు."

ఆ పుస్తకంలో పాత కొలత నేనెప్పుడూ కొట్టెయ్యను. మనిషి మళ్లీ వస్తే కింద కొత్త తేదీ వేసి కొత్త కొలత రాస్తా. నిరుటి నడుము 34. ఈయేటి నడుము అంటే నిరుటి నడుముకి రెండు కలిపినది.

"ఇదే కదా!" ఇద్దరం ఒకేసారి అరిచాం.

రాత్రి భోజనం దాకా పాఠమంతా తిరగరాసింది. నేను కూడా కూర్చున్నా. అర్థం కానిచోటల్లా చెయ్యెత్తా. పద్నాలుగుసార్లు!

7, శుక్రవారం. ఉదయం 11:40
కిటికీ పక్కన నిలబడి మొత్తం విన్నా. పెట్టె ఊసే లేదు. ఒక పెద్దాయన లేచి "పాతది చెరిపేస్తే పోలా?" అన్నాడు. "చెరిపితే నిరుడు ఎంతుండేదో ఎవర్నడుగుతారు సార్?" అంది. చప్పట్లు! ఉద్యోగం వచ్చింది!

8, శనివారం
రెండో పాఠం తెరిచా. మూసేశా. సోమవారం నించి మళ్లీ మొదటి పాఠం, రోజుకి గంట. అర్థం కాకపోతే కాలేదనే అంటా.

అమ్మాయి ఈ డైరీ చదివేసి, నిజాలు రాయమని కూర్చుంది. సరే. బస్సు డ్రైవరెవరూ రాలేదు, కల్పించా. కిటికీ పక్కన నిలబడలేదు, నన్ను గేటు దాటనివ్వలేదు. ఆ పెద్దాయన, చప్పట్లు కూడా నా సృష్టే. నేను రోడ్డవతల బెంచీ మీద కూర్చున్నా. తను బయటికొచ్చి, నన్ను వెతుక్కుని, చెయ్యి గాల్లో ఊపింది. తర్వాతేం జరిగిందో సరిగ్గా కనబడలేదు, కళ్లు మసకబారాయి.

ఇది కల్పించలేదు. ఉద్యోగం కూడా.