అన్న దిగిన బాయి

తరిగొప్పుల

అవ్వకు కొడుకు ఐలయ్య దండం పెట్టి రాసేది. ఇక్కడ అందరం మంచిగున్నం. బాయి మాటెత్తంగనే నువ్వు ఫోన్ పెట్టేస్తున్నవని కార్డు రాస్తున్న. అక్క బిడ్డ కీర్తనతోని సదివించుకో, మధ్యల ఆపమనకు.

కాలువ నీళ్ళు వచ్చి మన చెరువు నిండింది. దానితోని మన బాయిల గూడ ఊట పుట్టింది. కరువుల బాయి లోతు చేస్తుంటే మట్టిపెళ్ళలు మీద కూలి మన సారయ్యన్న పోయిండు గదా, ఆయన గడ్డపార గోడకే గుచ్చి ఉండె, నువ్వు తియ్యనియ్యలె. ఇప్పుడది నీళ్ళల్ల మునిగింది.

నిన్న మోటరు దించుదామని పోయి, చెయ్యి రాక ఒడ్డుమీదనే కూసున్న. రేణుక వదిన వచ్చి చానాసేపు లోపలికి చూసింది. "మీ అన్న నీళ్ళకోసమే దిగిండు. వచ్చిన నీళ్ళు వాడకుంటే ఆయన ఎందుకు దిగినట్టు?" అన్నది.

నారు ముదురుతున్నది. పక్క చేన్లల్ల నాట్లు పడ్డయి. ఆ నీళ్ళు ఎవ్వరం ముట్టొద్దని ఒట్టు పెట్టింది నువ్వే, వచ్చి ఆ ఒట్టు తియ్యాల్సింది గూడ నువ్వే.

అక్క మోకాలినొప్పి ఎట్లున్నది? దవాఖానకు పోయిందా? మోటరుకు మంచి తాడు కేసముద్రంల కొనిమ్మని బావకు చెప్పు. బావకు దండాలు, కీర్తనకు దీవెనలు.

జాగ లేక అంచుకు రాస్తున్న. వదిన పొద్దున మన బాయిలకెల్లి బిందెడు నీళ్ళు తోడి తెచ్చింది. నువ్వు వచ్చేదాక అని మూత పెట్టి ఉంచింది. ఇంట్ల ఎవ్వరం ముట్టలె.