బ్రిడ్జి మారిస్తే భరిణె మోగదా?

మదీనాగూడ

నాలుగో అంతస్తు బాబుగారికి, సరిగ్గా మీ కాళ్ల కింద 304లో ఉండే వాసంతి ఆశీస్సులు.

పదో తరగతి పరీక్షల తర్వాత నేను ఇంత పొడుగ్గా ఏదీ రాయలేదు. ఇన్నాళ్లకు కలం ఎందుకు పట్టానంటే, ఈ కార్తీకమంతా మౌనవ్రతంలో ఉన్నాను. ఫోన్లో మెసేజీ పెట్టినా మాట్లాడినట్టేనని మా పారాయణ బృందం పెద్ద, పక్కింటి పుణ్యవతిగారు తేల్చేశారు. కాగితం సంగతి ఆవిడ చెప్పలేదు. నేను అడగలేదు.

సాయంత్రం నేను మనసులో సహస్రనామం చదువుకునే వేళకు మీరు వాయించే ఆ లావు తీగల గిటారు గురించి రాస్తున్నాను. కంగారు పడకండి, ఫిర్యాదు కాదు. ఇదివరకు దాని అదురు మా పూజగదిలోకి దిగేది. వారం రోజులుగా దిగడం లేదు. దానికేమైనా చేశారా? చేసి ఉంటే దయచేసి మళ్లీ పాతలాగే చెయ్యండి. కారణం అడగవద్దు.

ఇట్లు,
వాసంతి

తా.క.: ఇది వాచ్‌మన్ నర్సయ్య చేతికిచ్చి, పైకి చూపించి దణ్ణం పెట్టాను. దేవుడికనుకుని తీసుకెళ్లి గుళ్లో హుండీలో వెయ్యబోయాడట. చప్పట్లు కొట్టి వెనక్కి రప్పించి, ఈ ముక్క చేర్చి, ఈసారి నాలుగు వేళ్లు చూపిస్తున్నాను.

*

వాసంతి ఆంటీకి, మీ నెత్తిమీద కాపురముంటున్న ఓదెలు కింది దిక్కు వంగి పెట్టే దండాలు.

మీ ఉత్తరం చదివితే నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్ ఆంటీ. దాన్ని బేస్ గిటార్ అంటరు. పోయిన మంగళవారం దాని బ్రిడ్జి మార్చిన. బ్రిడ్జి అంటే ఇంకేం లేదు, తీగల కింది కొసలను పట్టుకొని ఉండే లోహపు ముక్క. పాతది రేకు లెక్క పలుచగ ఉండె. కొత్తది ఇత్తడిది, మస్తు బరువు. టోన్ మారిందని నేనంటే మా బ్యాండ్ల రవికిరణ్ పడిపడి నవ్విండు. "బ్రిడ్జి మారిస్తే టోన్ మారదు గురూ, నీ నడుంనొప్పి మారుతుంది" అన్నడు. ఆఫీసుల ఒక్కడు నా దిక్కు మాట్లాడలే. మీరేమో సిమెంటు స్లాబు కిందికెల్లి విని పట్టేసిన్రు!

జర సాయం చెయ్యుండ్రి. శనివారం మాదాపూర్ల మా ప్రోగ్రాం ఉన్నది. పాత టోన్ ఎట్లుండె, కొత్తది ఎట్లున్నది, రెండు ముక్కలు రాసియ్యుండ్రి. 'వెచ్చగ ఉండె', 'గుండ్రంగ ఉండె', గట్ల. రవికిరణ్ మొకం మీద పెడత.

మీ
ఓదెలు, 404

తా.క.: మౌనవ్రతం పడితే చెవులు గింత మంచిగ పనిచేస్తయని తెల్వదు. మా మేనేజర్‌తోని కూడ పట్టిస్త.

*

చిరంజీవి ఓదెలుకు, 304 ఆంటీ ఆశీర్వదించి రాయునది. నీ వయసు నర్సయ్య చెప్పాడు, ఇక 'నువ్వు' అంటాను.

వెచ్చన, గుండ్రన నాకు తెలియవు నాయనా. కారణం చెప్పక తప్పేలా లేదు. మావారు భీమేశ్వరరావుగారు కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా రిటైరయ్యారు. ఈ ఇల్లు అమ్మేసి కోకాపేటలో ముప్పై రెండో అంతస్తుకు పోదామంటారు. నాకు ఇష్టం లేదు. ఇక్కడ తలుపు తీస్తే పుణ్యవతిగారు, కిందికి దిగితే కూరల బండి. అక్కడ తలుపు తీస్తే లిఫ్టు, కిందికి చూస్తే కళ్లు తిరగడం. వ్రతానికి ముందే చాలాసార్లు "వద్దండీ" అన్నాను. నాది చిన్న గొంతు. ఆయనకు వినపడలేదు.

ఒకరోజు ఆయనే దీపం దగ్గర నిలబడి, "వెళ్లమంటావా తల్లీ?" అని అమ్మవారిని అడిగారు. సరిగ్గా అప్పుడే పైన నీ లావు తీగ మోగింది, ఆమె ముందున్న వెండి కుంకుమ భరిణె మూత టకటకలాడింది. ఆయన గజగజలాడారు. "వద్దంటోందే" అని ఊరుకున్నారు. ఆశ చావక ఆయన రోజూ సాయంత్రం అడగడం, అది రోజూ మోగడం. పోయిన మంగళవారం నుంచి ఆగిపోయింది. "చూశావా వాసంతీ, అమ్మవారి మనసు మారింది" అంటున్నారు. ఈ శుక్రవారం కోకాపేట వాళ్లకు మాట ఇచ్చేస్తారట.

కాబట్టి ఆ ఇత్తడిది పీకి, పాత రేకు పెట్టు. నా ఇల్లు నీ తీగల మీద ఉంది.

ఇట్లు,
వాసంతి ఆంటీ

తా.క.: నీ గిటారే అమ్మవారి గొంతు అని నేను అనడం లేదు. ఆమె ఏ వాహనం దొరికితే అది ఎక్కుతుంది. మదీనాగూడలో పులిని ఎక్కడినుంచి తెస్తాం?

*

అమ్మవారి ఇంటి ఆంటీకి, ఆమె వాహనం ఓదెలు దండాలు.

నేను సంగీతం తెలిసిన చెవులనుకుంటే ఇది ఇల్లు అమ్మే పంచాయితీనా! అయినా ఫికర్ చెయ్యకుండ్రి. మూత ఆగిందంటే టోన్ మారినట్టే కద. రవికిరణ్‌కు ఫోన్ కొట్టి, "దేవతకే తెలిసిందిరా, నీకెందుకు తెలుస్తలేదు?" అన్న. వాడు, "మీ దేవత ఏ కంపెనీ ఇయర్‌ఫోన్ వాడుతుందో కనుక్కో" అన్నడు. ఇసుంటోళ్లను ఏం చెయ్యాలె ఆంటీ?

పాత బ్రిడ్జి బిగించిన. ఇయ్యాల సాయంత్రం అన్నిటికన్న లావు తీగ ఒక్కటే వాయిస్త.

మీ
ఓదెలు

తా.క.: మా అమ్మ మొక్కుకొని నాకు ఓదెల మల్లన్న పేరు పెట్టింది. బ్యాండ్ల అందరు ఓడీ అంటరు. ఇప్పుడు అమ్మవారి పని కూడ మీద పడ్డది. మల్లన్న ఏమన్న అనుకుంటడా?

*

చిరంజీవి ఓదెలుకు,

మల్లన్న ఏమీ అనుకోడు, ఆయన ఇల్లాలే కదా. కానీ మూత కదలలేదు. మావారు దణ్ణం పెట్టుకుని, ఈల వేసుకుంటూ వెళ్లి, కోకాపేట కిటికీలకు కర్టెన్ల రంగులు చూస్తున్నారు. రంగు నన్ను అడిగారు. తల అడ్డంగా ఊపాను. "నీలం వద్దా? అయితే ఆకుపచ్చ" అన్నారు.

ఇంకొంచెం గట్టిగా వాయించు.

ఇట్లు,
వాసంతి ఆంటీ

తా.క.: తప్పుగా అనుకోకు, అది నిజంగా పాత బ్రిడ్జేనా? కొత్తది పెట్టి పాతదని చెప్పడం లేదు కదా?

*

ఆంటీకి, మనసు విరిగిన ఓదెలు దండాలు.

పాతదే. మల్లన్న మీద ఒట్టు.

నిన్న మీరు గట్టిగ అన్నరని స్పీకర్ డబ్బాను నేల మీద బోర్ల పండబెట్టి కొట్టిన. నర్సయ్య ఉరికొచ్చి, "ఏంది సారూ, భూకంపమా, మీరా?" అన్నడు. 204ల సీతాబాయమ్మ ఇంట్ల స్టీలు గ్లాసులన్ని నడుసుకుంట సింకుల పడ్డయట. పుణ్యవతిగారి ఇంట్ల గోడమీది వాళ్ల మామ ఫొటో మొత్తం గోడ దిక్కు తిరిగిందట. మీ పక్కిల్లు ఊగింది, మీ కిందిల్లు ఊగింది. నడుమ మీ మూత ఒక్కటే ఊగలేదంటే ఎట్ల ఆంటీ?

బ్రిడ్జికి దీనికి సంబంధం లేదని రవికిరణ్ అంటున్నడు. నేను ఒప్పుకోను. కాని నాకే డౌట్ కొడుతున్నది. శనివారం ప్రోగ్రాంకు కొత్తదే కావాలె, గందుకే మళ్ల అదే బిగిస్తున్న. రేపు దానితోనే ఆఖరుసారి కొడత. ఇగ మీ అమ్మవారి దయ.

మీ
ఓదెలు

తా.క.: చప్పుడు ఎక్కువైందని అసోసియేషన్ నోటీసు ఇచ్చింది. 'మతపరమైన కార్యక్రమం' అని జవాబు రాసిచ్చిన. సెక్రెటరీ చెప్పులిడిసి పోయిండు.

*

చిరంజీవి ఓదెలుకు, నోరు విప్పకుండానే నవ్వి నవ్వి పొట్ట నొప్పి తెచ్చుకున్న ఆంటీ ఆశీర్వదించి రాయునది.

సీతాబాయి గ్లాసులు నడిచి, పక్కింటి మామగారు అలిగి గోడవైపు తిరిగి, మధ్యలో మా మూత ఒక్కటే నిద్రపోవడమేమిటని నాకూ అనిపించింది. ఆ భరిణె మా అత్తగారిది. నవరాత్రుల్లో తప్ప దాని మూత తీయం. నిన్న మధ్యాహ్నం మావారు కునుకు తీస్తుంటే, లెంపలేసుకుని తీశాను. మూత అంచు లోపల చుట్టూ దూది. చుట్టిన తీరు చూడగానే ఎవరిదో తెలిసిపోయింది. జన్మలో ఒక్క వత్తి చెయ్యని చెయ్యి అది.

నువ్వు బ్రిడ్జి మార్చిన మంగళవారమే ఆయన కోకాపేట చూసి వచ్చారు. ఇంజనీరు కదా, ఏది ఎందుకు అదురుతోందో కనిపెట్టేశారు. అమ్మవారి నోట్లో దూది కుక్కారు.

వ్రతం గంగలో కలిపి అరుద్దామనిపించింది. అరవలేదు. ఆ దూది తీసి, చక్కగా నలిపి, వత్తి చేసి, దీపంలో వేశాను. మూత పెట్టి కూర్చున్నాను.

సాయంత్రం నువ్వు మొదలుపెట్టావు. ఆయన ధీమాగా వచ్చి చేతులు జోడించి, "రేపు మాట ఇచ్చేస్తున్నాను తల్లీ, నీకేమైనా అభ్యంతరమా?" అన్నారు.

మూత ఎగిరెగిరి మోగింది.

ఆయన మూత వంక చూశారు. పైకప్పు వంక చూశారు. మళ్లీ మూత వంక చూశారు. దూది ఉండగా ఏ గిటారుకీ అది మోగదని ఆయనకు తెలుసు. దూది లేదని తెలియదు. నన్ను అడుగుదామంటే, పెట్టింది తానేనని చెప్పుకోవాలి. "బాబోయ్, తప్పయిపోయింది తల్లీ!" అంటూ సాష్టాంగం పడ్డారు. నడుం పట్టేసింది. నేనే లేపి ఆయింట్‌మెంట్ రాశాను.

తర్వాత కోకాపేట వాళ్లకు ఫోన్ చేసి, "మా ఇంట్లో ఒప్పుకోవడం లేదండి" అన్నారు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన నోట ఆ మాట వినడం ఇదే మొదలు. ఎవరు ఒప్పుకోవడం లేదో ఆయన చెప్పలేదు. ఎవరైతేనేం, ఒప్పుకోలేదు. ఇల్లు నిలబడింది.

నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు నాయనా. మౌనవ్రతంలో ఉన్నాను కదా.

ఇట్లు,
ఎక్కడికీ వెళ్లని నీ కిందింటి ఆంటీ,
వాసంతి

తా.క.: నీ మనసు కష్టపెట్టడం నాకిష్టం లేదు. కానీ నిన్న నీ గిటారుకు ఉన్నది కొత్త ఇత్తడిదే కదా. పాత రేకుకు ఎలా మోగేదో దానికీ అలాగే మోగింది. ఏ బ్రిడ్జి అయినా మూతకు ఒకటేనట. అందుకని ఈ కాగితాలు భద్రంగా దాచుకో, ఎవరికీ చూపించకు. మావారు చూశారంటే నేను కోకాపేటలో ఉంటాను. రవికిరణ్ చూశాడంటే, మొహం దాచుకోవడానికి నువ్వూ అక్కడికే రావాలి.