గుండె యంత్రానికి తాళం

ఊరూ ఉద్యోగమూ వేరైనా నన్నింకా వదులుకోని నా ఇల్లాలికి,

నీ ఊరికి నా బదిలీ కాగితంపై సంతకం చేయబోతూ మా ఆఫీసరుగారు కుర్చీలోంచి నేలకు జారిపోయారని తెలియజేయుటకు చింతిస్తున్నాను. పిలిస్తే పలకలేదు. గొంతులో గురగురమని చప్పుడు.

"నిద్రపోతున్నారండీ, లేపితే కోప్పడతారు," అన్నాడు హెడ్ క్లర్కు.

అది నిద్రా కాదు, ఆ చప్పుడు ఊపిరీ కాదు. గుండెపోటులో రక్తం దారి మూసుకుపోతుంది; ఇందులో గుండెను నడిపే కరెంటే గతి తప్పి, గుండె ఉన్నట్టుండి ఆగిపోతుంది. ప్రథమ చికిత్స శిక్షణకు ఎవరూ వెళ్లనంటే నన్ను పంపారు గనుక నాకీ సంగతి తెలుసు. అంబులెన్సుకు ఫోను చేయించి, వారి రొమ్ము నడుమ అరచేతులానించి గట్టిగా, వేగంగా నొక్కసాగాను.

గుండెకు షాకిచ్చే యంత్రం వరండాలో అద్దాల బీరువాలో ఉంది. ఖరీదైన వస్తువని దానికి తాళం వేయించినది వారే. తాళంచెవి వారి జేబులోనే ఉంది.

"తియ్యండి!" అన్నాను హెడ్ క్లర్కుతో.

"అయ్యగారి జేబులో చెయ్యెందుకు పెట్టావని రేపు అడిగితే?"

"అడిగితే అదే పదివేలు, తప్పుకోండి!" అంటూ టైపిస్టమ్మ చెయ్యి పెట్టింది.

యంత్రం షాకిచ్చింది. మళ్లీ నొక్కాను. వారు మూలిగారు.

ఆస్పత్రి నుంచి రాగానే నా బదిలీ రద్దు చేశారు. "నువ్వెళ్లిపోతే నా గుండెకి దిక్కెవరయ్యా?" అని తాళంచెవి నా మెడలో వేసి, నా బల్ల వారి గుమ్మం ముందు వేయించారు. భోజనానికి లేవాలన్నా వారి గుండె ఒప్పుకోవాలి. ప్రాణం పోసి పంజరంలో పడ్డాను. ఆ రోజు కాస్త నెమ్మదిగా నొక్కవలసిందేమోనని ఒక ఆలోచన వచ్చింది. నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. వచ్చినందుకు నాకే అసహ్యం వేసింది.

ఇట్లు,
ఒకరి గుండెకు అధికారికంగా కట్టేయబడిన
నీ భర్త

*

నా ఇల్లాలికి,

నిన్న ఆఫీసు బాత్రూం గడియ విరిగి లోపల చిక్కుకుపోయాను. అదే సమయానికి బయట ధబ్బున చప్పుడు, "వాచ్‌మన్ పడిపోయాడు!" అని కేకలు.

"ఎక్కడ చచ్చావయ్యా?" ఆఫీసరుగారి గొంతు.

"లోపలున్నానండీ, తలుపు రావట్లేదు! పిలిస్తే పలుకుతున్నాడా?"

"లేదు. ఎగశ్వాసలా ఉంది!"

"అది ఊపిరి కాదండీ. రొమ్ము నడుమ నొక్కండి!"

"నేనా?"

"నా చేతులు తలుపుకి ఇవతలున్నాయండీ!"

కాసేపటికి వారి రొప్పు వినిపించింది. "ఎముక విరిగినట్టుందయ్యా!"

"ఆ రోజు మీదీ విరిగిందండీ, ఆపకండి!"

తాళంచెవి తలుపు కిందనుంచి తోశాను. టైపిస్టమ్మ అందుకుని పరుగెత్తింది. అందరూ దూరం జరగమని యంత్రం గొంతు, మళ్లీ రొప్పు, ఆ తర్వాత ఎవరిదో దగ్గు. అంత కమ్మని దగ్గు నేనెన్నడూ వినలేదు.

తలుపు పగలగొట్టి నన్ను బయటికి తీసేసరికి వాచ్‌మన్‌ను అంబులెన్సు ఎక్కిస్తున్నారు. ఆఫీసరుగారు నేలమీదే కూర్చుని తమ అరచేతుల కేసి చూసుకుంటున్నారు.

"నువ్వు లోపలే ఉన్నావు కదయ్యా."

"ఉన్నానండి."

"అయినా బతికాడు."

"బతికాడండి."

లేచి వెళ్లి, ఆ చేత్తోనే బదిలీ కాగితంపై సంతకం చేశారు. బీరువా తాళం ఊడదీయించి, వీడ్కోలు సన్మానంగా నాకు బహూకరించారు. ఆదివారం దానితో సహా వస్తున్నాను. మనింటికి పనికొస్తుంది. వేసేది మాత్రం ఇద్దరం కలిసి బయటికి వెళ్లినప్పుడే.

ఇట్లు,
విడుదలైన
నీ భర్త