సుబ్బమ్మకు వేయని విస్తరి

తమ్ముడు చిన్న కొండయ్యకు అన్న పెద్ద కొండయ్య ఆత్మకూరు నుంచి రాసేది.

క్షేమం తర్వాత అడుగుతాను. ముందు ధాత కరువు నాటి నుంచి నా కడుపులో ఉన్న మాట విను. పెద్దల అమావాస్యకు మన ఇంట్లో నాయనకు, అమ్మకు విస్తరి వేస్తున్నావు. మీ వదిన సుబ్బమ్మకు వేయవు. ఈశ్వర ఏట వేయలేదు, మరుసటి బహుధాన్య ఏటా వేయలేదు. సర్కారు గంజి తొట్టి దగ్గర అన్ని కులాలతో కలిసి తాగి చచ్చింది, ఆమె మన పెద్దల్లో కలవదు అన్నావట. ఉప్పు బండి నరసయ్య చెప్పినాడు.

ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వూ, మరదలూ, పిల్లలూ బాగున్నారా? ఉదయగిరి కొండ మీద వాన పడిందా? మేనత్త కళ్ళు ఎట్లా ఉన్నాయి? నేను బాగున్నాను, బెంగ వద్దు. ఇక్కడ చెరువు కింద మళ్ళలో కూలి పని. మోకాళ్ళు నొస్తాయి గానీ ఎవరి ముందూ చేయి చాపలేదు. మన కొండగాలి లేదు, ఒకటే ఉక్క. వరి కూడు ఎంత తిన్నా సంకటి తిన్నట్టు ఉండదు. గుడిసెలో మాట్లాడే మనిషి లేదు. అయినా బాగున్నాను.

మొన్న ఆదివారం గంజి తొట్టి ఉండిన చోటికి పోయినాను. అక్కడ చచ్చినవాళ్ళను పూడ్చిన పెద్ద గొయ్యి మీద, బతికి మిగిలినవాళ్ళం వేప మొక్కలు నాటి ముళ్ళకంచె వేసినాము. ఎవరు ఎక్కడ ఉన్నారో తెలియదు గనుక పోయిన మనిషికి ఒక మొక్క. నడుమెత్తు పెరిగినాయి. గంజి తాగిన ముంతతోనే నీళ్ళు పోయాలని మా కట్టడి. మీ వదిన ముంత నా దగ్గర ఉంది. అంచు విరిగింది.

నాతో దూదేకుల మస్తాను, పెంచలయ్య వచ్చినారు. కరువులో బాట పనికి నా పక్కన కూర్చుని కంకర కొట్టినవాళ్ళు. పెంచలయ్య ఈ మధ్య కిరస్తానంలో కలిసి యోహాను అయినాడు. ఆ పేరుతో పిలిస్తే వాడే పలకడు. మస్తాను తన తల్లికి ఫాతిహా చదివినాడు. పెంచలయ్య కూతురి మొక్క దగ్గర కళ్ళు మూసుకుని ప్రార్థన చేసినాడు.

"నువ్వేం చదవవా పెద్దయ్యా?" అన్నాడు మస్తాను.

"నాకొచ్చినవి తిట్లే."

"అయితే అవే చదువు. ఆయమ్మకు అలవాటే గదా!"

ముగ్గురం నవ్వినాము. ఆ గొయ్యి మీద నిలబడే నవ్వినాము.

ఆవులు తోలుకుపోయే రైతు ఒకడు కంచె బయట ఆగి, "ఏంది పెద్దాయనా, ఆ గోతిలో ఏ కులమోళ్ళు ఉండారో తెలవకుండానే నీళ్ళు పోస్తుండావా?" అన్నాడు.

"నా పెళ్ళాం ఉండాది. పక్కన ఎవరుండారో ఆమెనడిగి చెప్తాలే, నువ్వు పోరా," అన్నాను.

వాడికి అట్లా చెప్పినాను. నీకేం చెప్పాలి? మిగిలిన ఒక్క రాగుల కుండ నీ పిల్లల ముందు పెట్టి, "వీళ్ళు తింటారు, మనం ఆత్మకూరు పోదాం పదయ్యా" అన్నది ఆమె. నువ్వు గడపలో నిలబడి చూసినావు. నీ పిల్లలు ఇంటి సంకటి తినాలని ఆమె ఆ గంజి తాగింది. అమ్మ పోయిననాడు నువ్వు పాలు మరవని బిడ్డవు. నిన్ను ఎత్తి పెంచింది ఆమె. నాకు కొడుకు లేడు, ఆమెకు ఉన్నావు.

విస్తరి నా గుడిసెలో వేయలేక కాదు. వేయను. ఆమె కాపురానికి వచ్చింది ఆ ఇంటికి. ఆ ఇంట్లో, అమ్మ విస్తరి పక్కన, నీ చేత్తోనే పడాలి. కులపోళ్ళు గొణిగితే, ఆ గంజి మా అన్న కూడా తాగినాడని చెప్పు. ఆమెకు లేని విస్తరి రేపు నాకూ వద్దు.

అక్షరాలు వంకరగా ఉంటాయి. నాలుగు రోజులు పట్టింది. ఇంకొకరి చేత రాయిస్తే మెత్తగా రాస్తారని నేనే రాసినాను. కొత్త రాగులు వస్తే కాసిని పంపు. మేనత్తకు నా దండం, ఆమె దీవెన అడిగినానని చెప్పు. పిల్లలను దీవించినాను. వాళ్ళ మీద నాకు కోపం లేదు.

నరసయ్య వినాయక చవితికి తిరిగి ఇక్కడికి వస్తాడు. వేస్తాననో, వేయననో, ఒక్క మాట వాడి చేత పంపు. చవితి దాటినా రాకపోతే, అమావాస్య పొద్దున ఆమె ముంత పట్టుకుని మన గడప ముందు కూర్చుంటాను. ఊరు చూడనీ. జవాబు చవితికి నా చేతికి అందాలి.

నీ అన్న,
పెద్ద కొండయ్య