యువరాజుగారి నోరు

హాలాఫో గ్రామ నివాసి, పెలెనాటో కుమారుడు, వైలోకా రాజ్య యువరాజుగారి వాచకుడు తౌకేఫా అనే నేను, చెయ్యి వణుకుతున్నందున పాస్టరు ఇసిలేలిగారి చేత రాయిస్తున్న మరణశాసనం ఇది. నా వెనక కూర్చుని ఎవరూ చెప్పించడం లేదు. ఇంతకు ముందు ఇలాంటిది ఏదీ రాయలేదు. నా మనసు స్థిమితంగా ఉందని మొదట రాయాలని పాస్టరుగారు పట్టుబట్టారు. స్థిమితంగా లేదు, అయోమయంగా ఉంది. అయోమయం వేరు, మతి చెడడం వేరు అని ఆసుపత్రిలో నర్సుగా చేసే నా కూతురు వైకానా చెప్పింది కనుక, ఉన్న సంగతే రాయమన్నాను: నాకు అన్నీ గుర్తున్నాయి, చాలావాటికి అర్థం తెలియదు.

1. నా తదనంతరం వాచకదండం, కొబ్బరిపీచు చామరం, వాటితో వచ్చే పదవి నా మేనల్లుడు కావేయికి చెందాలి.

మా రాజవంశంవారు సభలో నోరు విప్పరు. పక్కన నిలబడ్డ వాచకుడు వారి మాట చెబుతాడు. నా పడుచు వయసు నుంచీ ఉలుకియో యువరాజుగారి నోరు నేనే. ఆయన తల్లి, మా రాణిగారు, తొంభై దాటి కూడా గట్టిగా ఉన్నారు కాబట్టి ఆయన డెబ్బై దాటినా యువరాజే. ఆయన పని ప్రారంభోత్సవాలు. వంతెన, బడి, నీళ్ల ట్యాంకు, పెండలం పోటీ, ఏదైనా సరే ఆయన రిబ్బను కత్తిరిస్తారు, ఆయన సంతోషించారని నేను చెబుతాను. నిజంగా సంతోషించారో లేదో ఒక్కనాడూ అడగలేదు. కావేయీ, నువ్వు అడుగు. ఇంకో మాట, అరవకు. ఆయన అరిచే మనిషి కాదు.

2. నేనుంటున్న ఇల్లు, ఇంటి చుట్టూ ఉన్న సీమపనస చెట్లు, వెనక చామదుంపల మడి నా కూతురు వైకానాకు, ఆమె తదనంతరం నా మనవరాలు లోసేలికి సర్వహక్కులతో చెందాలని రాయిస్తున్నాను. అలా రాయించే హక్కు నాకుందో లేదో తెలియదు. నేల రాజ్యానిది, పదవితో వచ్చింది, పదవితోనే పోతుందని రాజధానిలో ఒక గుమస్తా చెప్పాడు. కాదు, ఇల్లు కట్టుకున్నవాడిదేనని ఇంకో గుమస్తా చెప్పాడు. ఇద్దరూ కూర్చునేది ఒకే బల్ల దగ్గర. కావేయి నన్ను చూడవచ్చిన రోజున గుమ్మం దగ్గర నుంచి చివరి సీమపనస చెట్టు దాకా అంగలు వేసుకుంటూ నడిచాడు. ఏమిట్రా అది అంటే, "ఏం లేదు మావయ్యా, పడవలో కూర్చుని కాళ్లు పట్టేశాయి" అన్నాడు.

రాజవంశపు బిడ్డ కాపురమున్న నేలను ఎవరూ ఖాళీ చేయించకూడదనే చట్టం మాత్రం ఉంది. ఆ విషయంలో గుమస్తాలిద్దరూ ఒకటే మాట మీద ఉన్నారు. కానీ అది మాకు వర్తిస్తుందని నేను ఎవరితో చెప్పగలను?

3. లోసేలికి నా ముత్యపుచిప్ప గాలాలు, మా అమ్మ నేసిన సన్నచాప చెందాలి. చాప ఒక మూల కాలింది. అది పిల్ల చేసిన పనే, తిట్టవద్దు.

లోసేలికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఆమె తండ్రి యువరాజుగారి రెండో కొడుకు. పెద్దలు అతనికి ఉత్తరపు దీవి దొరగారి కూతుర్నిచ్చి పెళ్లి చేసేనాటికే వైకానా కడుపుతో ఉంది. కోటలో ఎవరూ ఏమీ అనలేదు. యువరాజుగారు ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయన ఎత్తని విషయం ఎత్తడం వాచకుడి పని కాదు, తండ్రి పని. ఆ రోజుల్లో నేను ఏ పనిలో ఉన్నానో నాకే సరిగా తెలియదు.

పిల్ల పుట్టిన ఏడాది ఆయన మా ఊరి పడవల రేవు ప్రారంభించడానికి వచ్చారు. అది అంతకు ముందు ఆయనే ప్రారంభించిన రేవు. ఆ తరువాత సంతపాక, బడిగంట, బావిగట్టు, ఒక బెంచీ. బెంచీ గురించి ఏం చెప్పాలో తోచక, కూర్చోవడం గొప్పతనం గురించి చెప్పాను. ఉత్సవం ముగిశాక కాళ్లు కడుక్కుంటానని మా ఇంటికి వచ్చేవారు. సభలో పెదవి కదపని మనిషి మా వంటపాకలో నేల మీద కూర్చుని పిల్లతో ఆపకుండా మాట్లాడేవారు.

"చేపకి ఎన్ని కాళ్లో చెప్పు?"

"చేపకి కాళ్లుండవు తాతా!"

"అయ్యో! మరి పొద్దున నాకెదురొచ్చి దణ్ణం పెట్టిందే!"

అది తను కొరికిన దుంప ఆయన నోట్లో పెట్టేది. ఆయన తినేవారు. వైకానా తల తిప్పుకునేది. నేను గుమ్మంలో నిలబడి, నవ్వాలో వద్దో తెలియక చామరం సర్దుకునేవాణ్ని.

పిల్లకు నాలుగో ఏడు నడుస్తుండగా ఊరివాళ్లు కోళ్ల షెడ్డు కట్టి ఆయన్ని పిలిచారు. యువరాజుగారి తల కన్నా ఎవరి తలా ఎత్తున ఉండకూడదన్నది మా దగ్గర పసివాడికి కూడా తెలిసిన నియమం. లోసేలి జనం సందుల్లోంచి దూరి వచ్చి ఆయన పంచె పట్టుకుని, "నాకు రిబ్బను కనబడట్లేదు తాతా" అంది. ఆయన వంగి, దాన్నెత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నారు. మైదానమంతా బోర్లా పడింది. కోళ్ల చప్పుడు తప్ప మరేమీ లేదు. నిలబడి ఉన్నది నేనొక్కణ్నే, నిలబడడం నా ఉద్యోగం కనుక. "రేపటి తరాన్ని తన తల కన్నా ఎత్తున ఉంచడం ఏలికల ధర్మమని యువరాజుగారు చూపిస్తున్నారు" అని నా నోటివెంట వచ్చింది. జనం లేచి చప్పట్లు కొట్టారు.

అది ఆచారమైపోయింది! ఆ తరువాత ఏ ఊరికి వెళ్లినా తల్లులు పిల్లలకు తలస్నానం చేయించి వరసలో నిలబెట్టేవారు. ఆయన పాపం నడుం పట్టుకుంటూనే ఎత్తుకునేవారు. మళ్లీ మా ఊళ్లో అదే జరిగినప్పుడు లోసేలి నేల మీద పడి ఏడ్చింది. "దిగు! అది నా చోటు! ఆయన మా తాత!" అని అరిచింది. మా దగ్గర పిల్లలు ముసలివాళ్లందరినీ తాతా అనే పిలుస్తారు. కాబట్టి ఎవరూ పట్టించుకోలేదనే అనుకున్నాను.

4. నా నల్ల ఆడపంది, దాని పిల్లలు ఊరిపెద్ద టోఫుయాకు చెందాలి. అతనికి ఏమీ ఇవ్వకూడదనే మొదట అనుకున్నాను. అడ్డమైన ప్రతిదానికీ కోటకు కబురు పంపి నా చేత ఉపన్యాసాలు చెప్పించినవాడు అతనే. పోయిన ఆదివారం పలకరించడానికి వస్తే కోపం ఆపుకోలేక అడిగాను, "బెంచీకి ప్రారంభోత్సవం ఏమిటయ్యా, మతుండే చేశావా?" అని.

"మరేం చెయ్యమంటావు బాబాయ్? ఆ ముసలాయన రావాలంటే ఏదో ఒక వంక ఉండాలిగా. మా దగ్గర కట్టడానికి ఇంకేం మిగల్లేదు. పందుల దొడ్డికి గేటు పెట్టిద్దామా అని చూస్తున్నా" అన్నాడు.

"అంటే మీకు తెలుసా?"

"ఏం తెలుసని?" అంటూ కావా వేరు పొడి కలిపిన నీళ్ల గిన్నె నా వైపు జరిపాడు. పలచగా కలిపాడు, ఎప్పటిలాగే.

ఊరందరికీ తెలుసా, అతనొక్కడికేనా, ఎప్పటినుంచి తెలుసు? నాకు తెలియదు. పంది మాత్రం అతనిదే.

5. నా చిన్న పడవ, తెడ్లతో సహా ఉలుకియో యువరాజుగారికి చెందాలి. ఆయన ఎన్నో పడవలకు దీవెనలిచ్చారు కానీ ఒక్కదానికీ తెడ్డు వేసి ఎరగరు. లోసేలికి బాగా వచ్చు. ఆయన ముందు కూర్చుని అది చెప్పినట్టు వినాలి.

(ఈ అయిదో నిబంధన కొట్టివేయడమైనది. కారణం దిగువన రాయడమైనది.)

6. ఇక్కడి దాకా రాసేసరికి వాన పట్టుకుంది. పాస్టరుగారు కిటికీ మూయబోయి అలాగే కిందికి వంగిపోయారు. గుమ్మంలో యువరాజుగారు. కారు లేదు, గొడుగు పట్టేవాడు లేడు, తలంతా తడిసి ఉంది. నేను లేవబోయాను.

"పడుకోండి బావగారూ. ఒంట్లో ఎలా ఉంది?" అన్నారు.

పిల్లనిచ్చి పుచ్చుకున్న తండ్రులు ఒకరినొకరు పిలుచుకునే మాట అది. ఇన్నేళ్లు ఆయన తరఫున మాట్లాడినవాణ్ని, నా తరఫున ఒక్క మాట దొరకలేదు. ప్రభూ అంటే ఆయన మాట తోసేసినట్టు. బావగారూ అంటే నాలుక తిరగలేదు. దగ్గాను.

ఆయన మంచం పక్కన చతికిలబడి ఏం రాస్తున్నారని అడిగారు. పాస్టరుగారు చదివి వినిపించారు. ఇంటి సంగతి దగ్గర, "ఖాళీ చేయించేది ఎవరు?" అన్నారు. పడవ దగ్గర నవ్వారు. అంతా విన్నాక సాక్షులెవరని అడిగారు.

"నేనొకణ్ని ప్రభూ. ఇంకొకరు కావాలి" అన్నారు పాస్టరుగారు.

"నేను పెడతాను సంతకం."

"ఆస్తి పుచ్చుకునేవాళ్లు సాక్షిగా ఉండకూడదు ప్రభూ. మీకు పడవ రాశారు."

"అయితే ఆ పడవ కొట్టెయ్యండి. పిల్లకే రాయండి. నన్నెక్కించుకోనంటుందా ఏమిటి?"

సాక్షి పేరు పక్కన అతను ఎవరో, ఎవరికి ఏమవుతాడో రాయాలని పాస్టరుగారు భయం భయంగా చెప్పారు. అప్పుడు నాకు అర్థమైంది. "ఇది రాజధానిలో నమోదవుతుంది. రాణిగారి దాకా వెళ్తుంది" అన్నాను. ప్రభూ అనలేదు, బావగారూ అనలేదు, ఏమీ అనకుండానే చెప్పాను.

"వెళ్లనీండి. అమ్మ తిడుతుంది. నాకు అలవాటే" అన్నారు. అన్నారు గానీ కలం అందుకునే ముందు అరచేతులు రెండుసార్లు పంచెకు తుడుచుకున్నారు.

వంటపాకలో వైకానా గిన్నెల చప్పుడు ఆగిపోయింది. బయటికి రాలేదు. అంతలో బడి వదిలి లోసేలి తడుస్తూ వచ్చింది. ఆయన్ని చూసి, "ఇవాళ ఏం కత్తిరించడానికొచ్చారు తాతా?" అని అడిగింది.

"ఏం లేదమ్మా. ఊరికే వచ్చాను" అన్నారాయన. పిల్ల నమ్మలేదు. రిబ్బను కోసం చుట్టూ చూసింది.

7. పైన కొట్టివేసిన పడవ, తెడ్లతో సహా లోసేలికి చెందాలి. ఈ శాసనం అమలు చేసే బాధ్యత నా కూతురు వైకానాది, పాస్టరు ఇసిలేలిగారిది. ఇన్నేళ్లు ఆగినవారు ఇవాళెందుకు వచ్చారో నేను ఆయన్ని అడగలేదు, ఆయనా చెప్పలేదు. రాజధానిలో దీన్ని ఏం చేస్తారో కూడా తెలియదు. చదివించుకుని విన్నాను, నా మాటలే అని ఒప్పుకుంటూ నా వేలిముద్ర, సంతకం రెండూ పెట్టాను.

2011వ సంవత్సరం జూలై నెల పద్నాలుగో తేదీ, గురువారం, హాలాఫో.

తౌకేఫా

సాక్షులు:

ఇసిలేలి, హాలాఫో పాస్టరు. దీన్ని రాసినది కూడా ఈయనే. బంధుత్వం ఏమీ లేదు.

ఉలుకియో. లోసేలికి తాత, ఆమె తండ్రికి తండ్రి.