దెయ్యం వెళ్ళిపోయిందన్నావు

దీదీ,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది.

మన చిన్నప్పటి దెయ్యాల సీరియల్ ఫోన్లో దొరికిందని మా అమ్మాయీ దాని స్నేహితురాళ్ళూ ఇప్పుడు ఆ సీరియల్ వెంటే పడ్డారు. మన దీవిలో, డెలానీపూర్‌లో, మన వీధికంతా ఒక్కటే టీవీ, ఆ ఇంటి కిటికీకి వేలాడుతూ మనమందరం! నాకప్పుడు హిందీ రాదు. దెయ్యం రాగానే చేపల వాసన వేసే అరచేత్తో నా కళ్ళు మూసి, నువ్వే తెలుగులో చెప్పేదానివి. "ఎలిపోనాదిలే. పిల్ల ఆళ్ళమ్మ కాడికి సేరిపోనాది."

నిన్న కళ్ళు తెరుచుకుని చూశాను. ఆ దెయ్యం వెళ్ళదు. పిల్ల ఇంటికి రాదు. ఇన్నేళ్ళూ నన్ను నమ్మించావా అని నీమీద ఒళ్ళు మండింది.

ఈ పొద్దున నా స్కాన్ రిపోర్టు చూసి డాక్టరు హిందీలో నెమ్మదిగా చెప్పింది. ప్రతి మాటా అర్థమైంది. ఈ హిందీ ఎందుకు నేర్చుకున్నానా అనుకున్నాను.

బయట బెంచీ మీద కూర్చున్న మా అమ్మాయి గబుక్కున లేచింది. "డాక్టర్ క్యా బోలీ, అమ్మా? ఏటన్నాది?"

నా అరచెయ్యి దాని కళ్ళ మీదికి వెళ్ళబోయి తల మీద ఆగింది.

"ఏటీ లేదే. ఎలిపోనాదిలే" అన్నాను.